గాజుపెట్టెలో కొలువు

నగల పిచ్చి ఆడవాళ్ల సొత్తని చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాం. పెళ్లికెళ్తే పెళ్లికూతుర్ని వదిలేసి పక్కావిడ మెళ్లో గొలుసు చూస్తామట. చీరకి జాకెట్టు కలవకపోతే ఆ పూట అన్నం సహించదట. పేరంటమంటే మనకి ప్రదర్శనశాలట. ఈ సంగతి మీద మగవాళ్లు రాసినన్ని హాస్యకథలూ వేసినన్ని కార్టూన్లూ మరే విషయం మీదా వచ్చి ఉండవు. సరే, వాళ్లు నవ్వారు, మనమూ మొహమాటానికి నవ్వాం. ఇప్పుడు నా వంతు. మీ ఇంట్లోనో పక్క వాటాలోనో పంతొమ్మిది ఇరవయ్యేళ్ల కుర్రాడుంటే ఒక్కసారి వాడి గదిలోకి తొంగిచూసి రండి. బల్ల మీద మోకాలెత్తు గాజుపెట్టె. లోపల ఏడు ఫ్యాన్లు. ఫ్యాను ఫ్యానుకీ ఓ దీపం. ఎరుపు, నీలం, వంగపండు రంగు ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరుగుతుంటాయి. వినాయకచవితి పందిరికి కట్టిన సీరియల్ సెట్టు విప్పి ఇంట్లోకి తెచ్చుకున్నారేమో అనిపిస్తుంది.

అది కంప్యూటరు.

కొన్నది కాదు, కూర్చింది. మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, వీటన్నిటికీ కరెంటిచ్చే ఎస్సెమ్పీయెస్సు, క్యాబినెట్టు, ఒక్కొక్కటీ విడివిడిగా ఏరి, బేరమాడి, ఇంటికి తెచ్చి స్క్రూడ్రైవరుతో బిగించుకుంటారు. సికిందరాబాదు పార్క్‌లేన్‌లో ఇందుకోసం చెనాయ్ ట్రేడ్ సెంటరుంది. చెన్నైలో రిచీ స్ట్రీటు, బెంగుళూరులో ఎస్పీ రోడ్డు, ఢిల్లీలో నెహ్రూ ప్లేసు. మనం నల్లపూసలు చేయించడానికి ఎన్ని కొట్లు తిరుగుతామో వీళ్లూ అన్ని కొట్లూ తిరుగుతారు. తరుగెంత, మజూరీ ఎంత అని మనం అడిగితే చాదస్తం. వాళ్లు ఫ్యానుకి వందరూపాయల తేడా కోసం నాలుగు అంతస్తులు ఎక్కి దిగితే రీసెర్చి!

మా అక్కకొడుకు పోయినేడు అలాంటిదొకటి తయారుచేశాడు. లక్షా నలభై వేలయింది. చూడ్డానికి రమ్మని ఫోను చేసి మరీ పిలిచాడు. గదిలో లైటార్పేసి, కర్టెన్లు వేసేసి, అప్పుడు స్విచ్చి నొక్కాడు. ధగధగలాడింది. కాదనను. లోపలి తీగలు కూడా తెల్లవే. "క్యాబినెట్టు తెలుపు కదా పిన్నీ, నల్లతీగలు పెడితే లుక్కు చచ్చిపోతుంది. ఇవి విడిగా తెప్పించాను" అన్నాడు. "ఏరా, నేను చీర మీదికి జాకెట్టుగుడ్డ కోసం రెండు కొట్లు తిరిగితే మీ బాబాయి ఏమంటారో తెలుసా?" అన్నాను. వాడికి ఈ రెంటికీ సంబంధం ఏమిటో బోధపడలేదు.

పెట్టె వెనకవైపు తలుపు తీసి చూపించమన్నాను. వద్దు వద్దంటూనే తీశాడు. ముందువైపు ఒక్క తీగ కనిపించకుండా ఎంత ముచ్చటగా ఉందో, వెనక అంత గందరగోళం. చుట్టాలొస్తున్నారని హాలంతా సర్ది, సామానంతా పడగ్గదిలో కుక్కి గడియ పెడతాం చూడండి, అచ్చం అదే.

ఇక వీళ్ల నగల సంగతి. దీపాలవల్ల యంత్రం ఒక్క పిసరు కూడా వేగంగా నడవదు. దీపాలున్న మెమరీ పుల్లా, లేని మెమరీ పుల్లా చేసే పని ఒక్కటే, ధరే వేరు. అందులోనూ 2025 చివరికొచ్చేసరికి కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ లాగేసుకోవడంతో పుల్లల ధరలే మండిపోయాయి. ఆ మంటలో మళ్లీ దీపం ఖరీదొకటి! పైగా ముందువైపు కూడా గాజుపలక బిగించేస్తే చల్లగాలి లోపలికి పోయే దారి తగ్గిపోతుంది. ప్రాసెసరు మరీ వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. అంటే వేగం కోసం కొన్న యంత్రాన్ని అందం కోసం నెమ్మదింపజేయడమన్నమాట. జల్లెడలా చిల్లులున్న ముఖం పెట్టుకుంటే గాలి హాయిగా ఆడుతుంది. కానీ జల్లెడని ఎవరు ఫొటో తీసుకుంటారు?

ఇన్ని దీపాలకి డబ్బున్న కుర్రాడికి మంచి ఎస్సెమ్పీయెస్సుకీ యూపీఎస్సుకీ దగ్గరకొచ్చేసరికి చేతులు రావు. ఎందుకంటే అవి ఎవరికీ కనబడవు. కరెంటు వచ్చీ పోయీ ఆటలాడే మన ఊళ్లలో యంత్రానికి ప్రాణం అక్కడే ఉంది. ఒంటినిండా నగలు దిగేసుకుని కాళ్లకి చెప్పుల్లేకుండా ఎండలో బయల్దేరినట్టు లేదూ? ఇంకో ముక్క కూడా చెప్పేస్తాను, బిల్లు కట్టేది మనమే గనక. అలాంటి యంత్రం ఆటల్లో అరకిలోవాటు లాగుతోందనుకోండి. రోజుకి నాలుగు గంటలైతే 2 యూనిట్లు. నెలకి 60. మీ మీటరు శ్లాబు ఎక్కడ మారుతుందో మీకే తెలుసు.

ఇదంతా చదివి, "బాగా చెప్పిందమ్మా, ఆ పెట్టె ఎత్తి అటకమీద పడెయ్యాలి" అనుకుంటున్న అమ్మలకి ఒక మనవి. నేను ఆ పక్షం కాదు. సంక్రాంతికి మెట్లు కట్టి, జరీగుడ్డ పరిచి, చెట్టియారుని చెట్టియారమ్మ పక్కన కూచోబెట్టి ఊరందర్నీ పిలిచి చూపించుకునేవాళ్లం మనం. ఇంకోడు తన కొలువు పెట్టుకుంటే తప్పు పట్టడానికి మనకి నోరెక్కడిది? పైగా వాడు చేసిన పనిలో దొడ్డ గుణం ఒకటుంది. ఆ పెట్టె విప్పవచ్చు. ఏ భాగం పాడైతే ఆ భాగం మార్చుకోవచ్చు. ఇప్పుడొచ్చే పల్చటి లాప్‌టాపుల్లో చాలావాటికి మెమరీ బోర్డుకే అతికేసి ఉంటుంది. చాలకపోతే యంత్రమే మార్చాలి. మా అమ్మ కిరసనాయిలు స్టవ్వు వత్తులు తనే మార్చుకునేది, కుట్టుమిషను బెల్టు వదులైతే తనే కత్తిరించి బిగించుకునేది. వస్తువు విప్పి చూసే ధైర్యం ఈ తరంలో ఎవరికైనా మిగిలిందంటే ఇదిగో ఈ కుర్రాళ్లకే మిగిలింది.

కుర్రాళ్లకే. నా తగువంతా ఈ ఒక్క మాట దగ్గరే.

మా ఆడపడుచు కూతురు ఆర్కిటెక్చరు మూడో సంవత్సరం చదువుతోంది. కట్టబోయే భవనం ఎలా ఉంటుందో ఎండా నీడలతో సహా తెరమీద గీసి చూపించాలి. ఆ పనికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. దాని దగ్గరున్న లాప్‌టాపు అన్నగారు వాడి వదిలేసింది. రాత్రి పది గంటలకి పని అప్పజెబితే తెల్లారేదాకా రొప్పుతుంది. తనకీ ఒక కంప్యూటరు కూర్చుకుంటానని అడిగింది. అన్నకి మూడేళ్లకిందటే గాజుపెట్టె వచ్చింది, ఆటలకి. దీనికి మటుకు ఇంటిల్లిపాదీ సభ చేశారు. వాళ్ల నాన్నగారు, "ఆడపిల్లకి అంత యంత్రమెందుకమ్మా?" అన్నారు. బామ్మగారు అసలు మాట అనేశారు: "రేపు పెళ్లయ్యాక అదంతా ఎక్కడికి మోసుకెళ్తుందే?"

నాకా మాటతో కళ్లు తెరుచుకున్నాయి. ఇన్నాళ్లూ ఆడపిల్లకి లాప్‌టాపు, మగపిల్లాడికి డెస్క్‌టాపు ఎందుకొస్తున్నాయా అంటే, ఆడపిల్ల వస్తువేదైనా సూట్‌కేసులో పట్టాలి గనక! మగపిల్లాడికి గది, గదిలో బల్ల, బల్ల పక్కన ప్లగ్గు. ఆడపిల్లకి మంచం, మంచం మీద దిండు, దిండు మీద లాప్‌టాపు. గాలి పీల్చుకునే చిల్లులు దిండులో కూరుకుపోయి ఆ యంత్రం ఉడుకుతుంటుంది, దాని ముందు మెడ వంచుకుని ఇది చదువుతుంటుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసింది 1986లో. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. ఇంటిలో వాటా కాగితం మీద వచ్చింది గానీ, ఆ ఇంట్లో ఒక బల్ల రావడానికి ఇంకా సభలు జరుగుతున్నాయి.

ఇది మగవాళ్ల విద్య అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది నాకు. అమెరికాలో ఎనియాక్ అనే మహాయంత్రాన్ని 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. గదంతా ఆక్రమించే యంత్రం. దానిచేత లెక్కలు చేయించిన ప్రోగ్రామర్లు ఆరుగురూ ఆడవాళ్లే. తీగలు ఈ రంధ్రంలోంచి తీసి ఆ రంధ్రంలో గుచ్చి, స్విచ్చిలు తిప్పి చేసిన పని అది. ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది, రాత్రి విందు కూడా జరిగింది. ఆ విందుకి ఈ ఆరుగురికీ పిలుపు లేదు. నలభై ఏళ్లకి క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫొటోలు చూసి వీళ్లెవరని వాకబు చేస్తే, యంత్రం అందంగా కనబడ్డానికి నిలబెట్టిన మోడళ్లయి ఉంటారన్నారట! కొలువు పెట్టినవాళ్లని కొలువులో బొమ్మల్ని చేయడమంటే ఇదే.

చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల్లో కంప్యూటరుకి జ్ఞాపకశక్తి ఎలా పెట్టారో తెలుసా? అల్లారు. వాల్తామ్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ ఆడవాళ్లు సన్నటి రాగితీగని చిన్నచిన్న అయస్కాంతపు ఉంగరాల్లోంచి చేత్తో అల్లారు. తీగ ఉంగరంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. నరసాపురం లేసు అల్లే మన గోదావరి జిల్లా ఆడవాళ్ల చేతికి ఇచ్చి ఉంటే వాళ్లూ అల్లేవారని నా నమ్మకం. ఇక 1976లో కాలిఫోర్నియాలో లోర్ హార్ప్, క్యారల్ ఈలీ అని ఇరుగుపొరుగు గృహిణులిద్దరు కంప్యూటరు మెమరీ బోర్డుల వ్యాపారం ఇంట్లోనే మొదలుపెట్టి, వెక్టర్ గ్రాఫిక్ అనే కంపెనీని 1981 కల్లా షేర్ మార్కెట్టు దాకా తీసుకుపోయారు. మన దగ్గరే చూడండి. 2015లో శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ మొదలైతే పనిలోకి తీసుకున్నది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లల్నే. వాళ్ల వేళ్లు నాజూకుగా, చురుగ్గా పనిచేస్తాయని మెచ్చుకుంటారు కూడానూ. జీతానికైతే నాజూకు వేళ్లు, సొంతానికైతే చేతకాని వేళ్లూనా?

సభలో నేను నా మేనకోడలి పక్షాన కూచున్నాను, కొంత నోరు కూడా చేసుకున్నాను. చివరికి ఒప్పుకున్నారు. ఇద్దరం కలిసి కొట్టుకెళ్లాం. చీటీ రాసుకొచ్చింది అది. ఏ బోర్డుకి ఏ ప్రాసెసరు సరిపోతుందో చెప్పింది అది. కొట్టతను మాత్రం ప్రతి మాటా నాకేసి తిరిగి, "బాబు ఏం గేములు ఆడతాడు మేడమ్?" అని అడిగాడు. బాబు లేడు, పాప భవనాలు కడుతుందన్నాను. ఓహో అని, గులాబీరంగు క్యాబినెట్టు తీసి చూపించాడు.

"అదొద్దండి. చిల్లులున్నది ఇవ్వండి, గాలాడాలి" అంది పిల్ల.

ఇంటికొచ్చి వంటింటి బల్ల మీదే పని మొదలుపెట్టింది. ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోవడానికి ముందు ఇనుప కడ్డీ ముట్టుకుంది. ప్రాసెసరు మీద బఠాణీగింజంత పేస్టు వేసింది. రెండు మెమరీ పుల్లల్నీ రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి, టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కింది. అన్నిటికన్నా చిరాకైన పని స్విచ్చి తీగలు. పేనులంత ఉంటాయి. అవీ గుచ్చింది. నేను జాకెట్టుకి చంక కుట్టు విప్పి మళ్లీ కుట్టడానికి ఇంతకన్నా ఎక్కువ అవస్థ పడతాను, నిజం చెప్తున్నాను. మధ్యాహ్నం రెండింటికి మొదలెడితే సాయంత్రం దీపాలవేళకి తెర వెలిగింది. పెట్టెలో మాత్రం ఒక్క దీపం లేదు. రాత్రంతా పట్టే బొమ్మ పావుగంటలో గీసి పడేసింది. అన్నగారు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "లైట్లు పెట్టుకోవే, నావి రెండిస్తాను" అన్నాడు, పాపం మంచివాడే. పెట్టుకుంటానో లేదో నా ఇష్టం అంది. అదీ నిజమే, పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

బల్లకి చోటెక్కడుందని మీరు అడగబోతున్నారని తెలుసు. ఆ ఇంట్లోనూ అదే అడిగారు. మూడడుగుల బల్ల చాలు. హాల్లో టీవీ పక్కన నాలుగడుగుల గోడ పొడుగునా గాజు షోకేసొకటుంది చూశారా, ఎవరూ తాగని టీకప్పుల సెట్టూ, మూతి విరిగిన తాజ్‌మహలూ పెట్టి. ముందు దాన్ని జరపండి.