తెలిసిన దారికి పేటెంటు చెల్లుతుందా?

పొడుపు కథ విప్పకముందు బ్రహ్మవిద్యలా ఉంటుంది. విప్పిన తరువాత "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది. పేటెంటు వివాదాలలో న్యాయమూర్తులకు ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే. ఒక ఆవిష్కరణ నిజంగా కొత్త ఆలోచనా, లేక ఆ రంగంలోని ఏ నిపుణునికైనా సహజంగా తట్టేదేనా అన్నది జవాబు చూసిన తరువాత వారు తేల్చవలసి ఉంటుంది.

జర్మన్ పేటెంటు చట్టం 4వ సెక్షను ప్రకారం, అప్పటికి లోకానికి తెలిసినదానిని బట్టి నిపుణునికి తేటతెల్లంగా తోచేది ఆవిష్కరణ కాజాలదు. గరిష్ఠంగా 20 సంవత్సరాల గుత్తహక్కు ఇస్తున్నప్పుడు సమాజం ఈపాటి పరీక్ష పెట్టడం న్యాయమే.

వాహనాల జాడ కనిపెట్టి, వాటిని అవసరమైన చోటికి పంపే పద్ధతులలో ఈ పరీక్ష మరీ జటిలం. ప్రయాణికుని పిలుపు రాగానే రేడియోలో "దగ్గరలో ఎవరున్నారు?" అని అడిగి ఆ కారును పంపడం టాక్సీ కార్యాలయాల పాత అలవాటు. ఉపగ్రహాల సాయంతో కంప్యూటరే ఆ కారును ఎంచితే, మారినది ఆలోచనా, పనిముట్టా? ఎత్తైన భవనాల నడుమ ఉపగ్రహ సంకేతం అందనప్పుడు చక్రాల భ్రమణాన్ని లెక్కించి కారు స్థానాన్ని నిర్ణయించడం వేరు. దానిని మొదట సాధించినవారు యంత్రపు చిక్కును యంత్రసాధనంతోనే విప్పారు.

కార్ల్స్‌రూహెలోని జర్మన్ సమాఖ్య న్యాయస్థానం ఈ భేదాన్ని రెండు తీర్పులలో స్పష్టం చేసింది. మార్గ నిర్ణయానికి సంబంధించిన కేసులో 2012 డిసెంబరు 18న ఇచ్చిన తీర్పు ప్రకారం, కంప్యూటరును వాడమనడం తప్ప మరే సాంకేతికతా లేని సమాచార ఎంపిక సూచనలను ఆవిష్కరణ ప్రతిభ కింద లెక్కించరాదు. గణన మెట్లు తగ్గినా సరే. డ్రైవరుకు ఇచ్చే సూచనలలో కొన్ని సందర్భాలలో వీధి పేరు కూడా చేర్చడమన్నది సమాచారంలోని విషయమే తప్ప సాంకేతిక పరిష్కారం కాదని 2013 ఏప్రిల్ 23న మరో కేసులో తేల్చింది.

ఈ కాఠిన్యం ప్రోగ్రాములు రాసేవారి శ్రమను చిన్నచూపు చూస్తుందని ఆక్షేపణ ఉంది. నా దృష్టిలో ఇది న్యాయమే. వారు రాసిన ప్రోగ్రాముకు కాపీరైటు రక్షణ ఉండనే ఉంది. దగ్గరి బండిని పంపాలన్న ఇంగితజ్ఞానం మాత్రం ఎవరి సొత్తూ కారాదు.

అయితే జర్మన్ పద్ధతిలో ఒక లోపముంది. ఉల్లంఘన కేసు డ్యూసెల్‌డోర్ఫ్, మాన్‌హైమ్ వంటి చోట్ల నడిస్తే, పేటెంటు చెల్లుబాటు మ్యూనిక్‌లోని సమాఖ్య పేటెంటు న్యాయస్థానంలో విడిగా తేలాలి. చెల్లని పేటెంటు చెల్లదని తేలేలోపే చిన్న రవాణా సంస్థకు నిషేధపుటుత్తర్వు అందవచ్చును. 2021 చట్ట సవరణ ఆరు నెలలలో ప్రాథమికాభిప్రాయం తెలపాలని సూచించింది. 2023 జూన్ 1న మొదలైన ఐరోపా ఏకీకృత పేటెంటు న్యాయస్థానం రెండింటినీ కలిపి విచారించగలదు. ఇవి మంచి అడుగులే కానీ, చిన్నవారికి ఖర్చు నేటికీ భారమే.

మ్యూనిక్ పేరు వింటే మనవారికి వేపచెట్టు గుర్తుకు రావాలి. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతికి ఇచ్చిన పేటెంటును అక్కడి ఐరోపా పేటెంటు కార్యాలయం 2000లో రద్దు చేసింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. తెలిసిన సంగతేనని మనం అనుకుంటే చాలదు, సాక్ష్యంతో నిరూపించాలి.

ష్టుట్‌గార్ట్, మ్యూనిక్ వాహన పరిశ్రమలలో పనిచేస్తున్న మన యువ ఇంజనీర్లకు ఒక మనవి. రహస్యం కాని నిత్యపద్ధతులను, మీ సంస్థల అనుమతితో, తేదీ వేసి ప్రచురించండి. జవాబు అందరికీ ముందే తెలుసునని చూపే కాగితం ఉంటే, పాత పొడుపు కథను కొత్తదని ఎవరూ అమ్మలేరు.