బస్తాకు రేటు రాదు, బియ్యం రేటు తగ్గదు

అమృతలూరు వైపు కోతలప్పుడు ఒకే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. బస్తాకు రేటు రాలేదని ఒకరు, బియ్యం రేటు దిగలేదని ఒకరు. రెండూ నిజమే.

2025-26కు ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. 75 కిలోల బస్తాకైతే దాదాపు 1,792. ప్రభుత్వ లెక్కలో క్వింటా ధాన్యం ఆడిస్తే 67 కిలోల బియ్యం వస్తాయి. అంటే కిలో బియ్యంలో రైతు వాటా ముప్పై ఆరు రూపాయల లోపే. దుకాణంలో ఆపైన కట్టేది మిల్లు ఖర్చు, నిల్వ, రవాణా, వడ్డీ, లాభాలకు. తవుడు, ఊక అమ్మిన డబ్బు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు!

2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. 2024 సెప్టెంబర్ 28న మళ్లీ వదిలింది. దావత్‌కి సన్నబియ్యం కొనేవాళ్లకు మేలు చేయడానికని చెప్పిన ఆ నిషేధం, బాపట్లలో పుట్టిన సాంబమసూరి పండించేవాళ్లకు బయటి గిరాకీని మూసింది. డిసెంబర్‌లో ధాన్యం అమ్మి జూన్‌లో బియ్యం కొనుక్కునే కుటుంబం ఏ పక్షాన నిలబడాలి?

అందరికంటే ఇరుక్కునేది కౌలు రైతు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఆరబెట్టే జాగా ఉండదు, అప్పు ఆగదు. అందుకే కళ్లంలోనే తక్కువకు ఇచ్చేస్తాడు. కౌలు కార్డు ఉంటే కొంత ఆసరా. కానీ 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి, సంతకం పెట్టడానికి చాలామంది జంకుతున్నారు.