దీపాలదిన్నె చుట్టూ నకళ్లు నిలబెట్టండి

అమరావతిలో అమరేశ్వరుడి దర్శనం చేసుకుని దీపాలదిన్నె దాకా వచ్చేవాళ్లకు కనిపించేది గుండ్రటి మట్టిదిబ్బ, దాని అంచున అక్కడక్కడ నిలబెట్టిన రాతి పలకలు. ఇంత పేరున్న మహాచైత్యం ఇదేనా అని వాళ్లు ఉసూరుమంటే తప్పు వాళ్లది కాదు. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేసరికే ఇక్కడి రాళ్లు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కట్టడాలకు తరలిపోతున్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం ఆ తర్వాత లండన్‌కు ఓడెక్కింది. స్థానిక మ్యూజియంలో మంచి శిల్పాలు కొన్ని ఉన్నమాట నిజమే. మేలైనవి చూడాలంటే మాత్రం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. అసలు శిల్పాలు తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనదే. అయితే 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం వస్తువులను వదులుకోవడానికి దాదాపు ఒప్పుకోదు. అందాకా చేతులు కట్టుకు కూర్చోవాల్సిన పనిలేదు. తరలిపోయిన ఆ శిల్పాల పలకలకు నిలువెత్తు నకళ్లు చెక్కించి ప్రదక్షిణ మార్గం వెంట నిలపాలి.

లండన్‌లో ఉన్న ఒక పలకనే తీసుకోండి. దాని ఒక ముఖం మీద బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం ఉంటారు. బుద్ధుడి రూపం ఉండదు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో ముఖం మీద సింహాలతో, ద్వారాల ఎదుటి ఆయక స్తంభాలతో నిండు స్తూపాన్ని చెక్కారు. కూలిపోయిన కట్టడం ఎలా ఉండేదో దాని రాయే చెబుతోందన్నమాట! పూర్ణఘటం చెక్కిన మరో పలకను దానమిచ్చింది విధికుడనే చర్మకారుడని దానిమీది బ్రాహ్మీ శాసనం చెబుతుంది. స్తూపాలంటే రాజులు కట్టించినవేనన్న మన పాఠ్యపుస్తకాల భ్రమ ఈ ఒక్క పలకతో తీరుతుంది.

నకళ్లు పెడితే అసలు వాటిపై హక్కు బలహీనపడుతుందని కొందరి భయం. నిజానికి ‘దీని అసలు లండన్‌లో ఉంది’ అన్న బోర్డును యాత్రికులు రోజూ చదవడమే మన వాదనకు బలం. నకలుకు పవిత్రత ఎక్కడిదంటారా? 2006 కాలచక్ర దీక్షకు దలైలామా, వేలాదిమంది భక్తులు వచ్చింది శిల్పాలు లేని ఈ చోటికే. ఏ పలక ఎక్కడుండేదో తెలియదన్న అభ్యంతరమే కాస్త గట్టిది. మెకంజీ బృందం గీసిన చిత్రాలు, పురావస్తు పండితుడు బర్జెస్ రాసిపెట్టిన వివరాలు కొంతవరకు దారి చూపుతాయి. చోటు తేలని వాటిని విడిగా పెట్టి, ఆ మాటే రాస్తే సరి. ఖర్చు మాటెత్తేవాళ్లు దగ్గర్లోనే లేచిన 125 అడుగుల ధ్యానబుద్ధుడిని ఓసారి చూడాలి. సాగర్ నీళ్లు ముంచెత్తేలోపు నాగార్జునకొండ కట్టడాలనే కొండమీదికీ అనుపుకీ చేర్చి నిలబెట్టిన దేశానికి ఇది తలకు మించిన పని కాదు. పురావస్తు శాఖ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి విధికుడి పలకతోనే ఈ పని మొదలుపెట్టాలి, అతని పేరు తెలుగులో రాయించాలి.