వామాకు ఉండగా ఒరెగానో ఎందుకు?

ఈమధ్య ఏలూరులో ఏ నలుగురు గృహిణులు కలిసినా ఆరోగ్యం మాటల్లో "ఒరెగానో" ప్రస్తావన వస్తున్నది. పిజ్జాతోపాటు వచ్చే చిన్న పొట్లాలను దాచి ఉంచి, దగ్గు చేసినప్పుడు ఆ పొడిని వేడినీళ్ళలో వేసుకుని తాగుతున్నామని చెప్పినవారు నాకు తెలుసు. కోవిడ్ వచ్చిన 2020 తరువాత ఒరెగానో నూనె చుక్కలు, గుళికలు తెప్పించుకుని రోగనిరోధక శక్తికని వాడుతున్నవారూ ఉన్నారు. ఆశ్చర్యమేమిటంటే, వీరిలో చాలామంది ఇళ్ళలో మెట్ల పక్కన వామాకు కుండీ కనిపిస్తుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అయితే పెరటి చెట్టును పొగడటంతో సరిపెట్టడం నా ఉద్దేశం కాదు. వంటకు వామాకు చాలు, ఒరెగానో కోసం పరుగులు పెట్టనక్కరలేదన్నది నా మొదటి మాట. వైద్యం దగ్గరికి వచ్చేసరికి ఈ రెండింటికీ మనం లేని శక్తులు అంటగడుతున్నామన్నది రెండవ మాట. పసిపిల్లలున్న ఇళ్ళవారు ఈ రెండవ మాటను కాస్త శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను.

ముందుగా ఒరెగానో అంటే ఏమిటో చూద్దాం. వృక్షశాస్త్రంలో దాని పేరు ఒరిగానం వల్గేర్. తులసి, పుదీనాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క. మధ్యధరా సముద్ర తీరపు కొండలు దాని పుట్టినిల్లు. మన దేశంలో హిమాలయ సానువులలోనూ అడవిమొక్కగా పెరుగుతుంది. దాని తోబుట్టువు ఒకటి మన స్త్రీల జడలలో తరతరాలుగా ఉన్నది. అదే మరువం, ఒరిగానం మేజొరానా. మల్లెలు, కనకాంబరాల మధ్య మాలలో కట్టే ఆ మరువాన్నే యూరపు దేశాలవారు మాంసపు వంటకాలలో, సూపులలో వేసుకుంటారు. మనం తలలో తురుముకున్నాం, వారు కూరలో వేసుకున్నారు, అంతే తేడా.

ఇంకొక సంగతి. మెక్సికోవారు ఒరెగానో అని వాడేది లిప్పియా గ్రేవియోలెన్స్ అనే మొక్క. అది తులసి కుటుంబానికి చెందినదే కాదు. క్యూబా ఒరెగానో అని పిలిచేది మరేదో కాదు, మన వామాకే! ఇన్ని వేరువేరు మొక్కలకు ఒకే పేరు రావడానికి కారణం వాసన. కార్వక్రాల్, థైమాల్ అనే రెండు సుగంధ ద్రవ్యాలు ఈ ఆకులన్నింటిలో ఎక్కువో తక్కువో ఉంటాయి. రెండూ ఒకే మూలకాలు ఒకే సంఖ్యలో కలిగి, అమరికలో మాత్రమే తేడా ఉన్న పదార్థాలు. ఆ ఘాటు ఎక్కడ తగిలితే అక్కడ జనం ఒరెగానో అన్నారు.

మన వామాకు పేరూ అలా వచ్చినదే. వాము గింజలు ఇచ్చే మొక్క ధనియాలు, జీలకర్రల కుటుంబంలోనిది. దాని ఆకులు సన్నగా, చీలికలుగా ఉంటాయి. దళసరిగా, నూగుతో, అంచులు నొక్కులు నొక్కులుగా ఉండే వామాకు వేరే మొక్క. దానికి కర్పూరవల్లి అని మరొక పేరు. సంస్కృతంలో పర్ణయవాని అన్నారు: యవాని అంటే వాము, పర్ణం అంటే ఆకు. శాస్త్రనామం కోలియస్ ఆంబోయినికస్. పోర్చుగల్ దేశపు మతబోధకుడు లౌరేరో 1790లో ప్రకటించిన గ్రంథంలో, తూర్పు ఇండియా దీవులలోని ఆంబోయినా పేరుమీద దీనికి నామకరణం చేశాడు. తమిళులు కర్పూరవల్లి, ఓమవల్లి అంటారు. కన్నడిగులు దొడ్డపత్రె అంటారు. మలయాళులు పనికూర్క అంటారు. వారి భాషలో పని అంటే జ్వరం.

వంటింటి విషయం ఇలా తేల్చవచ్చు. పిజ్జా పొట్లం వెనుక సన్నని అక్షరాలు చదవండి. చాలా పొట్లాలపై ఒరెగానో సీజనింగ్ అని ఉంటుంది. అందులో ఆకుతోపాటు ఉప్పు, ఇతర మసాలాలు కలిసి ఉంటాయి. రక్తపోటు ఉన్న ఇంటి పెద్దకు దగ్గు తగ్గుతుందని ఆ కషాయం ఇవ్వడమంటే ఉప్పునీళ్ళు తాగించడమే. అదే వామాకైతే కొత్తగా కోసినది, లోపల ఏమున్నదో మన కళ్ళెదుట ఉన్నది. వామాకు బజ్జీలు వానాకాలపు సాయంత్రాలలో ఎవరికి తెలియవు? ఆకులను నూనెచుక్కతో మగ్గించి, కాస్త కొబ్బరి, పచ్చిమిర్చి వేసి నూరి, పెరుగులో కలిపి తాలింపు పెడితే అన్నంలోకి చల్లని పచ్చడి. తాడేపల్లిగూడెం మార్కెట్టునుంచి వచ్చిన ఉల్లిపాయలు సన్నగా తరిగి ఇందులో కలిపితే ఇంకా బాగుంటుంది. చారు దించే ముందు రెండాకులు తుంచి వేస్తే మిరియాల ఘాటుకు మంచి జోడు. కొల్లేటి చేపలను ఇష్టపడేవారు వేపుడు దించేముందు ఒక్క ఆకు సన్నగా తరిగి చల్లి చూడండి. ఒక్కటే, రెండవది వేస్తే చేప రుచి తెలియదు. పిల్లలు ఇంట్లో పిజ్జా చేయమంటే టమాటా ముద్దలో ఇదే ఆకు తరిగి వేయవచ్చు.

ఒక్క విషయంలో ఒరెగానోదే పైచేయి అని ఒప్పుకోవాలి. అది ఎండితే వాసన నిలుస్తుంది, ఏడాదిపాటు సీసాలో ఉంటుంది. వామాకు నీరున్న ఆకు. కొల్లేటి గాలిలోని చెమ్మకు ఆరేలోపలే నల్లబడి బూజు పడుతుంది. ఎండబెట్టి పొడి చేసే ప్రయత్నం మానండి. మొక్క ఏడాది పొడుగునా ఆకు ఇస్తూనే ఉంటే పొడి దేనికి?

ఇక ఔషధ గుణాల సంగతి. ఆయుర్వేదం ప్రకారం వాము కటు తిక్త రసాలు, ఉష్ణవీర్యం కలది. అగ్నిదీప్తిని, జీర్ణాన్ని కలిగిస్తుంది, కఫవాతాలను తగ్గిస్తుంది, పిత్తాన్ని పెంచుతుంది. వామాకునూ వైద్యులు ఆ తోవలోనే వాడారు. కడుపుబ్బరం, జలుబు, తడిదగ్గు ఉన్నప్పుడు హాయినివ్వడం నిజం. పెద్దవారు మూడు నాలుగు ఆకులను పెనంమీద వాడ్చి, పిండిన రసం ఒక చెంచా తేనెతో తీసుకోవచ్చు. కడుపులో మంట, పుండు ఉన్నవారు దూరంగా ఉండటం మంచిది. గర్భిణీ స్త్రీలు చారులో రెండాకులకు మించి పోకుండా ఉంటే చాలు. రసం, కషాయం వద్దు.

మొక్కలోని ద్రవ్యానికి బలం లేదని నేను అనడంలేదు. వాము చరిత్రే అందుకు సాక్ష్యం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము జర్మనీకి ఎగుమతి అయ్యేది. అక్కడ దానినుండి థైమాల్ తీసేవారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో 1909 నుంచి 1914 వరకు రాక్‌ఫెల్లర్ నిధులతో సాగిన కొంకిపురుగుల నివారణ ఉద్యమంలో రోగులకు ఇచ్చిన ప్రధాన ఔషధం ఆ థైమాలే. కాని ఎంత జాగ్రత్తతో ఇచ్చేవారు! మోతాదు మించితే ప్రమాదమని, మందు పడిన రోజున కొవ్వుపదార్థాలు, మద్యం ముట్టుకోరాదని కట్టడి చేసి, వెంటనే విరేచనానికి లవణం ఇచ్చి బయటకు పంపేవారు. ఇంతకంటె సురక్షితమైన మందులు వచ్చాక దానిని పక్కన పెట్టారు. పచారీ కొట్లలో వామపువ్వు పేరుతో అమ్మే తెల్లని స్ఫటికాలు ఆ థైమాలే. పిల్లలకు అందేచోట ఉంచకండి.

ఒరెగానో నూనె విషయమూ అంతే. ఆకునుండి బట్టీపట్టి తీసిన ఆ నూనెలో కార్వక్రాల్ గాఢంగా ఉంటుంది. గాజుపళ్ళెంలోని క్రిములను అది చంపుతుందన్న పరిశోధనలు చాలానే ఉన్నాయి. గాజుపళ్ళెంలో క్రిమి చచ్చిందంటే మనిషి ఊపిరితిత్తులలోనూ చస్తుందని చెప్పలేం. మనుషులమీద గట్టిగా జరిగిన పరీక్షలు చాలా తక్కువ. కల్తీలేని నూనె చుక్క నేరుగా నాలుకమీద పడితే మంట, పొక్కులు వస్తాయి. రక్తం పలచబడటానికి మందులు వాడే గుండెజబ్బువారు వైద్యుణ్ణి అడగకుండా ఆ గుళికలు మింగరాదు. 2020లో ఆయుష్ మంత్రిత్వశాఖ సూచించిన కషాయంలో తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి ఉన్నాయి. ఒరెగానో లేదు.

నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది మాత్రం నూనె కాదు, ఆకు పసరే. కొన్నేళ్ళ క్రితం శ్రావణమాసంలో కొల్లేటి లంక గ్రామం ఒకదానికి బంధువుల ఇంటికి వెళ్ళాను. పొరుగింట నాలుగు నెలల బిడ్డకు మూడు రోజులుగా దగ్గు, జ్వరం. ఇంటి పెద్దావిడ ఎంతో ప్రేమతో రోజుకు మూడుసార్లు వామాకు పసరు, తేనె నాలుకకు రాస్తున్నది. నేను చూసేసరికి బిడ్డ పక్కలు ఎగరేస్తున్నాడు, పాలు పట్టడంలేదు. "రేపటికి తగ్గుతుందిలేమ్మా, మా పిల్లలందరికీ ఇదే పోశాం" అన్నదావిడ. వయసులో పెద్దదే అయినా ఆమె మాట కాదని, బిడ్డ తండ్రికి నచ్చచెప్పి ఆ సాయంత్రమే ఏలూరుకు బయలుదేరదీశాం. న్యుమోనియా అన్నారు. ప్రాణవాయువు పెట్టారు, సూదిమందులు ఇచ్చారు, వారం తరువాత బిడ్డ ఇంటికి వచ్చాడు. ఇంకొక రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

ఆ పెద్దావిడ అజ్ఞానురాలు కాదు. ఆమె పిల్లలకు వచ్చినవి మామూలు జలుబులు. ఆకు పోసినా పోయకపోయినా తగ్గేవే. ఆకే తగ్గించిందని నలభై ఏళ్ళ నమ్మకం ఏర్పడింది. అసలైన న్యుమోనియా వచ్చినప్పుడు ఆ నమ్మకమే మూడు రోజులు తినేసింది. గృహవైద్యం గురించి రాసేవాళ్ళం మనం ఏ ఆకు దేనికి మంచిదో పేజీలకొద్దీ రాస్తాం. ఎక్కడ ఆపాలో ఒక్క వాక్యంలో దాటవేస్తాం. ఇది నాకు సమ్మతం కాదు. అందుచేత ఆ లెక్క ఇక్కడ వివరంగా ఇస్తున్నాను.

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం ముందు పెట్టుకుని నిండు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు శిశువుకు నిమిషానికి 60 లేదా అంతకు మించితే, రెండు నెలలనుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించితే, ఏడాదినుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా అంతకు మించితే అది వేగమైన శ్వాస. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే లెక్క ఇదే. దగ్గుతో ఇది గాని, డొక్కలు లోపలికి లాగడం గాని, పాలు తాగలేకపోవడం గాని, మగతగా ఉండటం గాని కనిపిస్తే ఆకు జోలికి పోకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. రెండు నెలలు నిండని పసికందుకు జ్వరం వస్తే లెక్కలతో పని లేదు, వెంటనే వెళ్ళాలి. ఏడాది నిండని బిడ్డకు ఏ పసరూ వద్దు, తేనె అసలే వద్దు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు శిశువు పేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. తల్లిపాలు చాలు.

మరొక పొరపాటును కూడా చెప్పాలి. వామాకును, రణపాలను కొందరు ఒకటిగా భావిస్తున్నారు. రెండింటి ఆకులూ దళసరివే. కాని రణపాల ఆకు నున్నగా ఉంటుంది, అంచులనుండి పిల్లమొక్కలు పుడతాయి, వాసన ఉండదు. పాషాణభేది అన్న పేరు వల్ల ఈ చిక్కు ముదిరింది: ఆ పేరుతో ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క మొక్కను వాడారు. హిమాలయాలలో పుట్టే ఒక దుంపను, మన వైపు కొండపిండి చెట్టును, కొన్నిచోట్ల వామాకును, రణపాలను కూడా. మూత్రపిండాలలో రాళ్ళకని పొరుగువారు చెప్పిన ఆకు నమిలేముందు అది ఏ మొక్కో తెలుసుకోవద్దా? నలిపి వాసన చూస్తే వామాకు తనంతట తానే చెబుతుంది.

పెంచడం చాలా తేలిక. ముదిరిన కొమ్మను జానెడు ముక్కగా కోసి, కింది ఆకులు తీసి, ఒక పూట నీడన ఆరనిచ్చి గుచ్చితే రెండు మూడు వారాలలో వేరు పట్టుతుంది. తాడేపల్లిగూడెం మెట్టవైపు ఎర్రమట్టిలో నేలమీదే బాగా వస్తుంది. కొల్లేటి పక్క నల్లరేగడిలో మాత్రం వానాకాలం మొదలు కుళ్ళిపోతుంది. అక్కడివారు కుండీలో రెండుపాళ్ళు ఎర్రమట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగున పెంకుముక్కలు వేసి, చూరుకింద ఉదయపు ఎండ తగిలేచోట పెట్టుకోవాలి. పైమట్టి ఆరాకే నీరు పోయాలి. చివర్లు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది.

ఒరెగానోనే పెంచాలన్న సరదా ఉన్నవారు అక్టోబరులో విత్తి ఫిబ్రవరి వరకు అనుభవించవచ్చు. విత్తనం ధూళిలా ఉంటుంది. మట్టిపై చల్లి వదలాలి, కప్పరాదు. మన ఎండనూ ఆపైన వచ్చే ముసురునూ అది తట్టుకోవడం కష్టం.

ఒక్క జాగ్రత్త. కుండీని మురుగుకాలువ పక్కన, చేపల చెరువుల నీరు వదిలే బోదె పక్కన పెట్టకండి, ఆ నీటితో ఆకు కడగకండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాదిమంది మూర్ఛలతో ఆస్పత్రులలో చేరినప్పుడు రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని పరీక్షలు తెలిపాయి. నీరా, కూరగాయలా, పురుగుమందులా అన్న చర్చ చాలాకాలం నడిచింది. వామాకు నూగులో దుమ్ము పట్టి ఉంటుంది కాబట్టి మంచినీటిలో కాసేపు ఉంచి, రెండుసార్లు కడిగి వాడుకోండి. కొమ్మ అడిగినవారికి లేదనకుండా ఇవ్వండి. కోసినచోట రెండు చిగుళ్ళు వస్తాయి.