మంటకు తాలూకా, నగరం తేడా తెలుస్తుందా?

ఫైర్ ఆఫీసర్లకు నాయకత్వ శిక్షణ బెంగళూరు మేడలకే అవసరమనీ, తాలూకాలకు నీళ్ల బండి చాలనీ రాసిన మీ వ్యాసకర్త మా పావగడ తాలూకా వైపు చూసినట్టు లేదు.

ఇక్కడ తిరుమణి చుట్టూ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మెయిన్ స్విచ్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల వైర్లలో కరెంటు ఉంటుంది. కింద ఎండుగడ్డి అంటుకుంటే ఎంత దూరం నుంచి నీళ్లు కొట్టాలి, ఎవరిని లోపలికి పోనివ్వకూడదు అన్నది మొదట చేరిన స్టేషన్ ఆఫీసరే నిమిషాల్లో తేల్చాలి. జిల్లా కేంద్రం తుమకూరు నుంచి పెద్ద అధికారి సుమారు 100 కిలోమీటర్లు వచ్చేదాకా మంట ఆగదు.

అందుకే నాయకత్వ శిక్షణకు నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాలకు పంపేటప్పుడు తాలూకా ఫైర్ ఆఫీసర్లనే ముందు పంపాలి.

— ఒక రైతు, తిరుమణి, పావగడ తాలూకా