గుర్రం దగ్గర లేత్ ఆగిపోతుంది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా నడిచి చూడండి. పైన 2018 నుంచి మెట్రో రైలు తిరుగుతోంది. కింద ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. అక్కడ చదివే అన్నయ్యలనూ అక్కయ్యలనూ వెర్నియర్ కాలిపర్స్ గురించి అడగండి. సూత్రం గడగడా చెబుతారు. మరి దాన్ని చేత్తో పట్టుకుని, తాము చేసిన వస్తువును కొలిచినవారు ఎందరు?

నా అభిప్రాయం ఇది: ప్రతి విద్యార్థీ పెద్దల పర్యవేక్షణలో, చిన్న లేత్ మీద, లోహపు చదరంగం పావు ఒక్కటైనా చేయాలి. ముప్పై రెండు మంది కలిస్తే సెట్టు పూర్తవుతుంది.

“అంగట్లో ప్లాస్టిక్ సెట్టు చవకగా దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకు?” అంటారా? ఆడుకోవడానికి అది చాలు, నేర్చుకోవడానికి చాలదు.

లేత్‌లో తిరిగేది కడ్డీ, కోసేది ఉలి. 25 మిల్లీమీటర్ల వ్యాసం గల ఇత్తడి కడ్డీ నిమిషానికి 600 చుట్లు తిరిగితే, దాని అంచు సుమారు 47 మీటర్లు ప్రయాణిస్తుంది. కాని సరిగ్గా నడిమధ్యన వేగం సున్న! అందుకే ఉలి మొన కేంద్రం ఎత్తులో లేకపోతే, కడ్డీ కొనను చదును చేసేటప్పుడు మధ్యన చిన్న మొటిమ మిగిలిపోతుంది. వృత్తచలనం పాఠం కంటికి కనబడేది అక్కడే.

ఒక పక్షాన్ని ఇత్తడితో, రెండో పక్షాన్ని అల్యూమినియంతో చేయండి. కొలతలు ఒకటే అయినా ఇత్తడి బంటు సుమారు మూడు రెట్లు బరువు తూగుతుంది. సాంద్రత అంటే ఏమిటో అరచేయే చెబుతుంది.

ఇక గుర్రం సంగతి. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను తిప్పి లక్కబొమ్మలకు గుండ్రని ఆకారమిస్తారు. లోహానికీ లేత్ ఇచ్చేది ఆ గుండ్రదనమే. గుర్రం తల గుండ్రంగా ఉండదు. పీఠం వరకు లేత్ చేస్తుంది. తలను రంపంతో, ఆకురాయితో మీరే చెక్కాలి. యంత్రం హద్దు తెలియడం కూడా విజ్ఞానమే.

ప్రమాదం లేదా? ఉంది. కళ్ళద్దాలు తప్పనిసరి. వదులు దుస్తులు, గాజులు, వేలాడే జడ పనికిరావు. చేతి తొడుగులు కూడా వద్దు. తిరిగే కడ్డీ వాటిని పట్టి లాగేస్తుంది.

ఇంటింటికీ లేత్ అక్కరలేదు, పాఠశాలకు ఒకటి చాలు. ఐ.టి.ఐ.లో టర్నర్ పని మార్కులు రానివారిదే అన్న చిన్నచూపు ముందు పోవాలి. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో బంగారు పతకం గెలిచిన భారత జట్టులో మన వరంగల్ అర్జున్ ఇరిగేశి ఉన్నాడు. పావులు కదపడంలో వెనుకబడని మనం, పావులు చేయడంలో ఎందుకు వెనుకబడాలి?