గాలి దగ్గర చేసింది, సరిహద్దు దూరం చేసింది

ఎయిరిండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎక్కడా ఆగని విమానం వేసింది. మొదట అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. పాతదారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తదారి 15,300. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది!

భూమి తిరగడం వల్లే ప్రయాణం తగ్గిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. భూమితోపాటు గాలీ, అందులోని విమానమూ తిరుగుతూనే ఉంటాయి. అసలు కారణం జెట్ స్ట్రీమ్. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఏరులా పారే గాలి అది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. ఏటికి ఎదురెళ్లే పడవకూ, ఏటివాలుకు సాగే పడవకూ ఎంత తేడానో గోదారి ఒడ్డువాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ గాలిని ముందుగా పట్టుకున్నవాడు వాసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు. 1920లలో తతెనో పరిశోధన కేంద్రం నుంచి బెలూన్లు ఎగరేసి లెక్కకట్టాడు. పదిదేశాల వాళ్లూ చదవాలని 1926లో తన నివేదికను ఎస్పరాంటో అనే అంతర్జాతీయ భాషలో అచ్చువేశాడు. పట్టించుకున్నవాళ్లు లేరు. 1944లో టోక్యో మీదికి వచ్చిన అమెరికా బీ-29 బాంబర్లు ఆ గాలిలో చిక్కుకుని గురి తప్పాకే దాని బలం వాళ్లకు తెలిసొచ్చింది.

గాలితో సర్దుకుపోవచ్చు. దేశాలు ఆకాశానికి తలుపులు వేస్తేనే కష్టం.

ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు సైబీరియా మీదుగా తొమ్మిది గంటలు పట్టేది. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో రష్యా ఆకాశం యూరప్ విమానాలకు మూతపడింది. ఫిన్ఎయిర్ విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా చుట్టుకునో వెళ్లాల్సి వచ్చి, ప్రయాణం సుమారు పదమూడు గంటలకు పెరిగింది. ఊళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

మనకూ అదే జరిగింది. కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రదాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలంలోకి భారతీయ విమానాలను రానివ్వలేదు. మన దేశమూ అదేపని చేసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో దిగాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరు నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునే ఆపేశారు. చెప్పిన కారణాల్లో పాకిస్తాన్ గగనతలం మూత ఒకటి. దేశ భద్రత పెద్దవిషయమే, కాదనలేం. కానీ ఆకాశాన్ని మూసేటప్పుడు వేసే లెక్కల్లో ప్రయాణికుల గంటలూ ఉండాలి.

ఆ గంటల బరువు తెలుగిళ్లకు బాగా తెలుసు. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలైంది. అది ఎక్కువకాలం నిలవలేదు. కూతురి పురిటికి బయల్దేరే అమ్మ దుబాయిలోనో దోహాలోనో ఢిల్లీలోనో విమానం మారాలి. భాష రాని చోట గేటు వెతుక్కోలేక, కాళ్లు బాగానే ఉన్నా చక్రాల కుర్చీ అడిగే పెద్దవాళ్లు ఎందరో. వాళ్ల చేతిసంచిలో పిల్లలు తెలుగులో రాసిచ్చిన కాగితం ఉంటుంది: ఎక్కడ దిగాలి, ఎవరికి చూపించాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి.